నియాండర్తల్‌కు గూని పెట్టినదెవరు?

ఈ నెల శీర్షికకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆదిమానవుల మీదే వచ్చాయి. అందులోనూ ఎప్పుడో అంతరించిపోయి, ఇప్పుడు సినిమాల్లో కనిపించే నియాండర్తల్ మనిషి గురించి అడిగినవారు చాలామంది. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి ఆ ఒక్క విషయానికే చోటు కేటాయించాము.

ప్రశ్న: ఇంగ్లిష్ సినిమాల్లో, కార్టూన్లలో నియాండర్తల్ మనిషిని ఎప్పుడూ నడుము వంచి, మోకాళ్లు మడిచి, ఒళ్లంతా బొచ్చుతో, చేతిలో దుడ్డుకర్రతో చూపిస్తారు. శాస్త్రవేత్తల వీడియోల్లో మాత్రం మనలాగే నిటారుగా నిలబడి కనిపిస్తున్నాడు. ఏది నిజం?
– డిగ్రీ విద్యార్థి, తార్నాక

జవాబు: నిటారుగా నిలబడినవాడే నిజం. వంగినవాడు ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1856లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర నియాండర్ లోయలో సున్నపురాయి తవ్వుతున్న కూలీలకు ఒక గుహలో కొన్ని ఎముకలు, ఒక పుర్రె పైభాగం దొరికాయి. అవి ఎలుగుబంటివి కావనీ, పురాతన మానవుడివనీ గుర్తించినవాడు యోహాన్ ఫూల్‌రాట్ అనే స్థానిక ఉపాధ్యాయుడు. అందరూ ఒప్పుకోలేదు. రికెట్స్ వ్యాధితో కాళ్లు వంకర తిరిగి, 1814 ప్రాంతంలో అక్కడ చనిపోయిన కోసాక్ సైనికుడి ఎముకలని వాదించిన శరీరశాస్త్ర ఆచార్యుడు కూడా ఉన్నాడు. 1864లో విలియం కింగ్ ఈ జాతికి హోమో నియాండర్తలెన్సిస్ అని పేరు పెట్టగా, రెండేళ్ల తర్వాత ఎర్నెస్ట్ హెకెల్ ఏకంగా హోమో స్టుపిడస్ అన్నాడు. అంటే గూని రాకముందే బుద్ధిహీనుడన్న ముద్ర పడిపోయింది.

గూని వచ్చింది 1908లో. ఫ్రాన్స్‌లోని లా షపెల్-ఓ-సాఁ అనే ఊరి దగ్గర మతగురువులైన బూయిసొనీ సోదరులు ఒక చిన్న గుహలో దాదాపు పూర్తిగా ఉన్న అస్థిపంజరాన్ని వెలికితీశారు. దాన్ని పారిస్ మ్యూజియంలో మార్సెలిన్ బూల్ పరిశీలించి 1911 నుంచి 1913 వరకు పెద్ద గ్రంథంగా వెలువరించాడు. మెడ ముందుకు వాలి, వెన్నెముకలో మనకుండే ఒంపులు లేక, మోకాళ్లు పూర్తిగా చాపలేక, కాలి బొటనవేలు కోతికి ఉన్నట్టు పక్కకు జరిగిన మనిషిని ఆయన వర్ణించాడు. ఆ గ్రంథం పూర్తికాకముందే, 1909లో, ఫ్రెంచి పత్రిక ఒకటి ఫ్రాంటిషెక్ కుప్కా చేత బొమ్మ వేయించి అచ్చువేసింది. గుహ ముందు కాపు కాస్తున్న బొచ్చు మనిషి, చేతిలో దుడ్డుకర్ర. లండన్ పత్రిక కూడా ఆ బొమ్మనే వేసుకుంది. తర్వాతి కాలంలో నైరూప్య చిత్రకళకు ఆద్యుల్లో ఒకడిగా పేరు తెచ్చుకున్న కుప్కా గీసిన బొమ్మల్లో జనంలోకి ఎక్కువగా పోయినది బహుశా ఇదే.

అసలు సంగతి 1957లో బయటపడింది. విలియం స్ట్రాస్, ఎ.జె.ఇ. కేవ్ అనే ఇద్దరు శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు అదే అస్థిపంజరాన్ని మళ్లీ పరిశీలించి, ఆ మనిషికి మెడ నుంచి కింది వెన్ను దాకా తీవ్రమైన కీళ్లవాతం ఉండేదని తేల్చారు. పళ్లు చాలావరకు బతికుండగానే ఊడిపోయాయి. తుంటి కూడా అరిగిపోయి ఉంది. ఒక ముసలి రోగి ఎముకలను పట్టుకొని, వాటి ఆధారంగా జాతి మొత్తానికి నడక నిర్ణయించారన్నమాట. కీళ్లవాతాన్ని పక్కన పెట్టినా బూల్ అమరిక తప్పేనని ఆ తర్వాతి పరిశోధకులు చూపించారు. ఇతర చోట్ల దొరికిన అస్థిపంజరాలు కూడా వెన్ను నిటారుగా ఉన్న, పొట్టిగా దిట్టంగా ఉన్న మనుషులనే చూపిస్తున్నాయి.

ఇతడికి స్నానం చేయించి, గడ్డం గీయించి, ఈ కాలపు బట్టలు తొడిగి న్యూయార్క్ భూగర్భ రైలు ఎక్కిస్తే ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోకపోవచ్చని స్ట్రాస్, కేవ్ చమత్కరించారు. అది కాస్త అతిశయమే. ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేట మెట్రోలో తోపులాట మధ్య ఎవరూ చూడకపోయినా, ఎదురుగా సీటు దొరికినవాడు మాత్రం రెండోసారి తలెత్తి చూస్తాడు. కళ్ల మీద చూరులా ముందుకు వచ్చిన ఎముక, పెద్ద ముక్కు, వెనక్కి జారిన నుదురు, ముందుకు పొడుచుకురాని చుబుకం, వెనక భాగం సాగిన తల ఇవన్నీ ఉన్న ముఖం మనది కాదు. అయితే ఆ తలలో మెదడు మనకంటే చిన్నదేమీ కాదు. లా షపెల్ ముసలివాడి మెదడు పరిమాణం 1600 ఘన సెంటీమీటర్ల దాకా ఉంటుంది, ఈనాటి సగటు కంటే ఎక్కువే.

శాస్త్రం 1957లో వదిలేసిన గూనిని సినిమా ఎందుకు వదల్లేదన్నది మీ ప్రశ్నలో అసలు విషయం. నా అభిప్రాయంలో దీనికి మూలం మూకీ చిత్రాల్లో ఉంది. 1912లోనే డి.డబ్ల్యు. గ్రిఫిత్ గుహామానవుల కథ తీశాడు; అందులో బలహీనుడైన నాయకుడు కర్రకు రాయి తగిలించి దుడ్డుకర్ర కనిపెట్టి బలవంతుణ్ణి ఓడిస్తాడు. మాటలు లేని తెర మీద మనిషి ఎవరో చెప్పవలసింది శరీరమే. నడుము వంగితే చాలు, ఇతడు మనకంటే ఒక మెట్టు కిందివాడని వెనక బెంచీ ప్రేక్షకుడికి కూడా క్షణంలో తెలుస్తుంది. పైగా కనుబొమల గట్టు, ముక్కు అతికించడానికి మేకప్ మనిషి గంటల తరబడి పనిచేయాలి. వంగడానికి ఖర్చు లేదు. మాటలు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. 1953లో నియాండర్తల్ పేరుతోనే ఒక అమెరికన్ భయానక చిత్రం వచ్చింది. అందులో ఒక శాస్త్రవేత్త తాను తయారుచేసిన మందును తానే ఎక్కించుకొని నియాండర్తల్‌గా మారి ఊరి మీద పడతాడు. అక్కడ నియాండర్తల్ ఒక జాతి కాదు, మనలో దాగిన మృగానికి మారుపేరు.

దుడ్డుకర్ర సంగతి కూడా చెప్పి ముగిస్తాను. కర్ర త్వరగా కుళ్లిపోతుంది కనుక పురావస్తు ఆధారాలు తక్కువే గానీ, ఉన్నవాటిలో ముఖ్యమైనది ఈటె. జర్మనీలోని లేరింగెన్‌లో 1948లో ఏనుగు ఎముకల మధ్య యూ చెట్టు కర్రతో చేసిన రెండు మీటర్లకు పైగా పొడవున్న ఈటె దొరికింది. బర్చ్ చెట్టు బెరడును కాల్చి జిగురు తీసి, దానితో రాతి పలకను కర్ర పిడికి అతికించేవారు కూడా. ఆ జిగురు తీయాలంటే మంటను అదుపులో పెట్టగల నేర్పు కావాలి. తెర మీద ఇప్పటివరకు ఈ పనిని ఓపికగా చూపించిన కథా చిత్రం నా కంటపడలేదు.

ప్రశ్న: బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరం చూసి వచ్చినప్పటి నుంచి మా అబ్బాయి, "దీన్ని గుహామానవులు వేటాడేవారా?" అని అడుగుతున్నాడు. కార్టూన్లలో ఇద్దరూ కలిసే ఉంటారు. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, హిమాయత్‌నగర్

జవాబు: వేటాడలేదని గట్టిగా చెప్పండి. మీ అబ్బాయి చూసినది కోటాసారస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టినది, జురాసిక్ కాలానిది. పక్షులను మినహాయిస్తే డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయి. నియాండర్తల్‌లు కనిపించేది సుమారు 4 లక్షల ఏళ్ల కిందటి నుంచి 40 వేల ఏళ్ల కిందటి వరకు. ఇద్దరినీ కలిపినది 1960లో మొదలైన ఫ్లింట్‌స్టోన్స్ కార్టూన్, 1966లో రాకెల్ వెల్చ్ తోలు దుస్తుల పోస్టరుతో ప్రపంచమంతా తిరిగిన 'వన్ మిలియన్ ఇయర్స్ బి.సి.' వంటి సినిమాలు. ఆ సినిమాలో డైనోసార్లను కదిలించిన రే హ్యారీహౌసెన్ పనితనం చూడముచ్చటగా ఉంటుంది, అబ్బాయికి ఆ విధంగా చూపించండి. నియాండర్తల్‌లు నిజంగా ఎదుర్కొన్న జంతువులు బొచ్చు ఏనుగులు, బొచ్చు ఖడ్గమృగాలు, గుర్రాలు, రెయిన్‌డీర్లు, గుహల్లో ఉండే భారీ ఎలుగుబంట్లు. పిల్లవాడికి ఆ జాబితా ఏమీ చప్పగా ఉండదు.

ప్రశ్న: నియాండర్తల్‌లను గౌరవంగా చూపిన నవలలు, చిత్రాలు లేవా? వారికి మాటలు వచ్చేవా? సినిమాల్లో ఎప్పుడూ మూలుగులే వినిపిస్తాయి.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మల్కాజిగిరి

జవాబు: ఉన్నాయి. మంచి రచనలు కూడా ఒక తప్పుడు బొమ్మ స్థానంలో తమకు నచ్చిన ఇంకో బొమ్మను పెట్టాయన్నది గుర్తుంచుకొని చదవాలి.

హెచ్.జి. వెల్స్ 1921లో రాసిన ఒక రచనలో నియాండర్తల్‌లు పిల్లలను ఎత్తుకుపోయే వికార జీవులు. మన జానపద కథల్లోని రాక్షసుల జ్ఞాపకం వాళ్లదేనేమో అని ఆయన ఊహించాడు. దానికి జవాబుగా 1955లో విలియం గోల్డింగ్ 'ది ఇన్‌హెరిటర్స్' రాశాడు. వెల్స్ వాక్యాలనే పుస్తకం మొదట ఉంచి, ఆ తర్వాత కథనంతా లోక్ అనే నియాండర్తల్ కళ్లతో నడిపాడు. లోక్‌కు బాణం అంటే ఏమిటో తెలియదు. తన ముఖం పక్కనే చెట్టుకు పుల్ల ఒకటి ఉన్నట్టుండి మొలిచిందనుకుంటాడు. కొత్తగా వచ్చిన మనుషులు, అంటే మనం, ఆ నవలలో తాగి హింసకు దిగే గుంపు. చివరి అధ్యాయాల్లో కథ మన వైపుకు మారి, అంతవరకు ఆప్తుడిగా ఉన్న లోక్ ఉన్నట్టుండి ఒక "ఎర్రని జీవి"గా మారిపోతాడు. ఈ విషయం మీద వచ్చిన కాల్పనిక రచనల్లో నేను ముందుగా చదవమనేది దీన్నే. అయితే గోల్డింగ్ నియాండర్తల్‌లు ఆలోచించడం కన్నా బొమ్మలు చూడటం ఎక్కువ. వేట కూడా చేయరు. అసలు నియాండర్తల్‌లు గట్టి వేటగాళ్లు. అమాయకత్వం కూడా మనం తగిలించినదే.

1957 నుంచి ఇరాక్‌లోని షానిదార్ గుహలో రాల్ఫ్ సొలెకి బృందం తవ్విన అస్థిపంజరాలు నియాండర్తల్‌లను గౌరవంగా చూసే ఈ మార్పుకు ఊతమిచ్చాయి. వాటిలో మొదటిదానికి కుడి చేయి మోచేతి దగ్గర నుంచి లేదు, ఎడమ కంటి పక్కన పుర్రెకు పాత దెబ్బ ఉంది, నడకలో కుంటి ఉంది. అయినా ఏళ్ల తరబడి బతికాడు. ఎవరో చూసుకోకపోతే అది సాధ్యం కాదు. మరో అస్థిపంజరం దగ్గర పూల పుప్పొడి దొరకడంతో శవం మీద పూలు చల్లారని సొలెకి భావించాడు. ఆయన 1971 పుస్తకానికి వీళ్లను 'తొలి పూలజనం' అనే ఉపశీర్షిక కుదిరింది. హిప్పీలను పూలజనమని పిలిచిన ఆ కాలపు గాలి అందులో స్పష్టంగా వీస్తుంది. ఆ పుప్పొడిని నేలలో గూళ్లు కట్టుకునే తేనెటీగలు తెచ్చి ఉండవచ్చునని తర్వాతి పరిశోధకులు అంటున్నారు. ఒంటిచేతి మనిషి మాత్రం కదలని ఆధారం. జీన్ ఆవుల్ 1980లో రాసిన 'ది క్లాన్ ఆఫ్ ద కేవ్ బేర్' నవలలోని క్రెబ్ అనే ఒంటికన్ను మాంత్రికుడు ఇతని రూపమే.

మాటల సంగతి. 1981లో జాన్-జాక్ అన్నో తీసిన 'క్వెస్ట్ ఫర్ ఫైర్' కోసం నవలాకారుడు ఆంథనీ బర్జెస్ ఒక ఆదిమ భాషను కట్టాడు, జంతుశాస్త్రజ్ఞుడు డెస్మండ్ మోరిస్ సైగలు కూర్చాడు. మేకప్‌కు ఆస్కార్ పొందిన ఈ చిత్రంలో ఏనుగులకు బొచ్చు తొడుగులు తొడిగి మామత్‌లుగా నడిపించారు. శాస్త్రపరంగా లోపాలున్నా, నిప్పు ఆరిపోతే గుంపు మొత్తానికి వచ్చే భయాన్ని ఇంత దగ్గరగా చూపిన సినిమా మరొకటి లేదు. ఆవుల్ నవలను 1986లో సినిమాగా తీసినప్పుడు నియాండర్తల్‌లకు చేతి సైగల భాషను పెట్టి కింద అక్షరాలు వేశారు. చేతులతోనైనా పూర్తి వాక్యాలు మాట్లాడే హక్కు వారికి దక్కింది, అది మెరుగే. కానీ గొంతు లేదనుకోవడానికి ఆధారం బలహీనం. ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో 1983లో దొరికిన అస్థిపంజరంలో నాలుక మొదట ఉండే హయాయిడ్ ఎముక మనదానిలాగే ఉంది. మాటతో సంబంధమున్న ఫాక్స్‌పి2 జన్యువు కూడా మనలో ఉన్న రూపంలోనే వారిలో ఉందని 2007లో తేలింది. ఏ భాష, ఎంత వ్యాకరణం అన్నది ఎముకలు చెప్పవు. మూలుగులకు మాత్రం ఎముకల మద్దతు లేదు.

ప్రశ్న: మన ఒంట్లో కూడా నియాండర్తల్ జన్యువులు ఉన్నాయంటున్నారు. అటువంటప్పుడు సినిమాల్లో వారిని వేరే జంతువుల్లా చూపడం న్యాయమేనా? వారి రంగు ఎలా ఉండేది?
– ఔషధ సంస్థ ఉద్యోగిని, ఉప్పల్

జవాబు: ఉన్నాయి. స్వాంటే పాబో బృందం 2010లో నియాండర్తల్ జన్యుపటం చిత్తుప్రతిని వెలువరించింది. ఆయనకు 2022లో నోబెల్ వచ్చింది. ఆఫ్రికా వెలుపలి జనాభాల్లో సుమారు 1 నుంచి 2 శాతం జన్యుభాగం వారి నుంచి వచ్చినదే, మనమూ అందులో ఉన్నాము. నియాండర్తల్ ఎముకలు భారతదేశంలో దొరకలేదు. మనకు వారసత్వం వచ్చింది పశ్చిమాసియా ప్రాంతంలో కలిసిన పూర్వీకుల ద్వారా. కోవిడ్ రోజుల్లో ఇది వార్తల్లోకి కూడా ఎక్కింది. తీవ్ర వ్యాధితో ముడిపడిన మూడో క్రోమోజోమ్ భాగం ఒకటి నియాండర్తల్‌ల నుంచి వచ్చిందనీ, దక్షిణాసియాలో సగం మందిలో కనీసం ఒక ప్రతి ఉందనీ 2020లో ప్రకటించారు. మీ ఇంటి దారిలోనే ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన జ్ఞానేశ్వర్ చౌబేతో కలిసి చేసిన అధ్యయనంలో మాత్రం, ఐరోపావారిలో కనిపించిన ఆ ముడి దక్షిణాసియా వాసులకు అలాగే వర్తించకపోవచ్చని తేలింది. పత్రికల్లో మొదటి వార్తకు వచ్చినంత చోటు రెండోదానికి రాలేదు.

రంగు విషయంలో సినిమా చేసిన తారుమారు గమనించదగ్గది. ఆవుల్ నవల చిత్రంలో మన జాతి పిల్ల అయిలా బంగారు రంగు జుట్టుతో తెల్లగా ఉంటుంది, ఆమెను పెంచిన నియాండర్తల్‌లు నల్లజుట్టు ముతక మనుషులు. ప్రాచీన జన్యువులు చెబుతున్నది దాదాపు ఇందుకు విరుద్ధం. ఆఫ్రికా నుంచి బయలుదేరి 45 వేల ఏళ్ల కిందట ఐరోపా చేరిన మన జాతివారు చామనఛాయకు మించిన నలుపు. అక్కడే లక్షల ఏళ్లుగా ఉన్న నియాండర్తల్‌లలో కొందరికి లేత చర్మం, ఎర్రటి జుట్టు ఉండి ఉండవచ్చునని 2007లో ఒక జన్యు అధ్యయనం చూపింది. అందరూ అలా లేరు, ముదురు రంగువారూ ఉన్నారు. కథానాయికకు తెలుపు, వెనకబడినవారికి నలుపు పంచడం ఎముకల నుంచి వచ్చిన నిర్ణయం కాదు.

ప్రశ్న: మన తెలుగు సినిమాల్లో అడవి మనుషులను చూపే తీరు కూడా ఇదే కదా?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: అదే పెట్టెలోని వేషం. తలకు ఈకలు, మెడలో పుర్రెల దండ, ఒంటికి ఆకులు, నోటికి అర్థంలేని శబ్దాలు, మధ్యలో కాగుతున్న గంగాళం, స్తంభానికి కట్టేసిన హాస్యనటుడు. దశాబ్దాలుగా మనం నవ్వుకున్న సన్నివేశమే. నియాండర్తల్‌లకు జరిగినదానికంటే ఇది ఎక్కువ అన్యాయం, ఎందుకంటే ఇక్కడ అవమానం తగిలేవారు బతికి ఉన్నారు, మనలాగే టికెట్ కొని సినిమా చూస్తున్నారు. చెంచులు, కోయలు, గోండులు మనలాగే ఈ కాలపు మనుషులు. వారిని 'రాతియుగపు అవశేషాలు'గా వర్ణించే పాత రాతలకు శాస్త్రంలో చోటు లేదు. ఈకల కిరీటాన్నే తీసుకోండి. ఆదిలాబాద్ రాజ్‌గోండుల గుస్సాడీ నర్తకులు నెమలి ఈకలతో కట్టుకునే పెద్ద తలపాగా దీపావళి సమయంలో దండారి పండుగకు మాత్రమే, నియమాలు పాటించి ధరించేది. అది వారికి దైవంతో సమానం. మాసబ్ ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియానికి వెళితే గిరిజనుల వేషధారణ, పనిముట్లు, వాయిద్యాలు తీరికగా చూడవచ్చు. కాస్ట్యూమ్ డిజైనర్లకు కూడా ప్రవేశం ఉంది.

ప్రశ్న: మా పాఠశాల వార్షికోత్సవంలో ఎనిమిదో తరగతి పిల్లలు నియాండర్తల్‌ల మీద నాటిక వేస్తామంటున్నారు. వేషాలు ఎలా ఉండాలి?
– ఉపాధ్యాయిని, సికింద్రాబాద్

జవాబు: మొట్టమొదట పిల్లలను నిటారుగా నడవమనండి, సగం పని అక్కడే అయిపోతుంది. జనరల్ బజార్‌లో చిరుతమచ్చల గుడ్డ చవకగా దొరుకుతుంది గానీ దాన్ని ఒక భుజం మీద నుంచి వేలాడదీయకండి. మంచుకాలపు ఐరోపాలో అలా ఉంటే తెల్లవారేసరికి గడ్డకట్టిపోతారు. గోధుమ, బూడిద రంగుల మందపాటి గుడ్డను రెండు భుజాలూ కప్పేలా చుట్టి, నడుముకు తాడు కట్టండి. చేతికి దుడ్డుకర్రకు బదులు పొడవాటి వెదురు ఇచ్చి కొన వరకు మట్టి రంగు పూయించండి. ముందుపళ్లతో తోలును పట్టి లాగుతూ రాతితో గీకడం వారి నిత్యకృత్యం. అరిగిన పళ్ల మీద గీతలు దానికి సాక్ష్యం. కనుక ఒకరిద్దరు పిల్లలు వేదిక మీద ఆ పని చేస్తూ కూర్చుంటే చాలు, కథ మొదలవుతుంది. ఒంటిచేతి పెద్దాయన పాత్ర ఒకటి ఉంచండి, ఆయనకు మాంసం చిన్న ముక్కలుగా కోసి ఇచ్చే మనవరాలు మరొకటి. వాళ్ల మధ్య మాటలు తెలుగులోనే, పూర్తి వాక్యాల్లో ఉండనివ్వండి.

వెనక తెర మీద డైనోసార్లూ అగ్నిపర్వతమూ వద్దు. గుహ ముఖద్వారం, దూరంగా గుర్రాల మంద సరిపోతాయి. కనుబొమల గట్టుకు పాత వార్తాపత్రికలను మైదా జిగురులో నానబెట్టి అచ్చు చేసి, ముందురోజే ఆరబెట్టి, ఎలాస్టిక్‌తో తలకు కట్టండి. చెమటకు జారుతుంది కాబట్టి లోపల పలుచని గుడ్డ అతికించండి. చుబుకం లేనట్టు చూపడానికి మాత్రం ప్రయత్నించకండి, ఆ వయసు పిల్లలకు అది కుదరదు.